కిటికీ అవతలి మనిషి

అర్జీ, దరఖాస్తు, దస్తావేజు, రసీదు, నకలు, తహసీలు, దఫ్తరు, హాజరు. సర్కారుతో పని పడ్డ ప్రతి తెలుగువాడి నోటా నలిగే ఈ మాటలన్నీ అరబ్బీ, ఫారసీల దారిలో మన భాషలోకి నడిచొచ్చినవే. వరసగా పేర్చి చూస్తే వీటిల్లో ఒక మనిషి ప్రయాణం కనిపిస్తుంది. అర్జీ రాయించుకుంటాడు, దఫ్తరుకు పోతాడు, హాజరవుతాడు, రసీదు పుచ్చుకుంటాడు, నకలు కోసం మళ్ళీ తిరుగుతాడు. గత పాతికేళ్ళలో ఆ దారిలోనే ఇంకొన్ని మాటలు వచ్చి చేరాయి. ఆధార్, ఓటీపీ, స్లాట్, పోర్టల్, పెండింగ్, సర్వర్ డౌన్. మాటలు మారాయి. ప్రయాణం ఎంత మారింది?

డిజిటల్ టెక్నాలజీ ప్రభుత్వాన్ని మార్చేస్తుందని ఈ నగరంలో ఒక తరం మొత్తం వింటూ పెరిగింది. మార్చలేదని ఎవరూ అనలేరు. కరెంటు బిల్లు కోసం సగం రోజు సెలవు పెట్టిన తండ్రుల పిల్లలు ఇవాళ బస్సులో నిలబడి ఫోన్లో కట్టేస్తున్నారు. అయితే ఆ మార్పు కథని మనం ఎప్పుడూ హైటెక్ సిటీ వైపు నుంచే చెప్పుకుంటాం. చార్మినార్ వైపు నుంచి చెప్పుకుంటే అది ఇంకొంచెం పొడుగైన కథ, ఇంకొంచెం చిక్కుపడ్డ కథ. ఎందుకంటే ఇక్కడ ప్రభుత్వం తన లెక్కలు రాసుకునే పద్ధతిని నూట డెబ్భై ఏళ్ళలో కనీసం నాలుగు సార్లు మార్చుకుంది. కంప్యూటరు వాటిలో నాలుగోది. ప్రతి మార్పులోనూ కొందరికి పని తేలికయింది, కొందరికి తాము ఎవరో మళ్ళీ మొదటినుంచి రుజువు చేసుకోవాల్సి వచ్చింది.

రెండు ఇళ్ళలో ఒక రాజ్యం

1853లో మీర్ తురాబ్ అలీ ఖాన్ హైదరాబాద్ దివాన్ అయ్యాడు. మనం మొదటి సాలార్ జంగ్ అంటామే, ఆయనే. వయసు ఇరవై నాలుగు. ఖజానా ఖాళీ. కంపెనీ బాకీ కింద బేరార్ అదే ఏడాది చెయ్యి జారిపోయింది. అన్నిటికన్నా పెద్ద చిక్కు, రాజ్యంలో ఏ ఊరినుంచి ఎంత రావాలో చెప్పే కాగితాలు దివాన్ చేతిలో లేవు. అవి వంశపారంపర్యంగా దఫ్తర్‌దార్లయిన రెండు కుటుంబాల దగ్గర ఉండేవి. ఒకటి రాయ్ రాయాన్ అని బిరుదున్న మహారాష్ట్ర బ్రాహ్మణ కుటుంబం, రెండోది మాల్‌వాలా కాయస్థ కుటుంబం. మాల్‌వాలాల హవేలీ చార్మినార్ దగ్గరే ఉండేది. హైదరాబాద్ కాయస్థుల మీద కారెన్ లియొనార్డ్ 1978లో అచ్చేసిన పుస్తకంలో ఈ కుటుంబాల చరిత్ర వివరంగా ఉంది.

అంటే ఏమిటన్నమాట? ఫలానా జాగీరు ఫలానా ఆయనదే అని తేలాలంటే ఆ ఇంటి గడప తొక్కాలి. రాత ఫారసీ, అదీ గుమాస్తాలు గబగబా గొలుసు కట్టి రాసే శికస్తా లిపి. చదవడం వచ్చినవాళ్ళు కొద్దిమంది. కాగితం సర్కారుది, తాళంచెవి ఇంటాయనది. సాలార్ జంగ్ ఈ కుటుంబాలతో నేరుగా తగువు పెట్టుకోలేదు. వాళ్ళ పక్కనే జీతాలిచ్చే కొత్త కచేరీలు తెరిచి, పని మెల్లగా అటు మళ్ళించాడు. 1865లో జిల్లాబందీ చేసి, పన్ను వసూళ్ళని గుత్తేదార్ల చేతుల్లోంచి జీతగాళ్ళయిన తాలూక్‌దార్ల చేతుల్లోకి తెచ్చాడు. కాగితం ఇల్లు దాటి ఆఫీసుకు చేరింది. అప్పటి దఫ్తర్-ఎ-దివానీ కాగితాలే ఇవాళ తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్‌కి మూలం.

అది అసలైన పాలనా సంస్కరణ. రికార్డు ఒక కుటుంబం సొత్తు కాకుండా పోయింది. కానీ కొత్త కచేరీల్లో కూర్చోవడానికి ఉత్తరాది నుంచి చదువుకున్నవాళ్ళు దిగారు. అక్కడినుంచి ముల్కీ, గైర్‌ముల్కీ తగాదా మొదలైంది. పాత గుమాస్తా పక్షపాతి అయినా ఎదుటి మనిషి ఎవరో, వాళ్ళ తాత ఎవరో ఎరిగినవాడు. కొత్త గుమాస్తాకి ఎవరూ తెలీదు, ఎదురుగా ఉన్న కాగితం తప్ప. ఎవరూ తెలియకపోవడం న్యాయానికి పునాది. అదే ఒక్కోసారి కష్టం కూడా. ఈ రెండు ముఖాలూ తర్వాత వచ్చిన ప్రతి మార్పులోనూ కనిపిస్తాయి.

భాష మారితే పేరు మారుతుంది

ఫారసీ అంటే సాలార్ జంగ్‌కి మక్కువ. ఆయన బతికున్నంత కాలం అది కదల్లేదు. 1883లో ఆయన పోయాడు. తర్వాత రెండు మూడేళ్ళలోనే కోర్టుల్లో, కచేరీల్లో ఫారసీ స్థానంలో ఉర్దూ వచ్చింది. బజారులో మాట్లాడే భాషే దఫ్తరు భాష కావడం పాతబస్తీ వాళ్ళకి పెద్ద వెసులుబాటు. రాజ్యంలో ఎక్కువమంది మాట్లాడే తెలుగుకి మాత్రం ఆ గడప అప్పుడూ దక్కలేదు. నల్గొండ రైతు అర్జీ పెట్టుకోవాలంటే ఉర్దూ వచ్చినవాడిని పట్టుకోవాల్సిందే.

1948 సెప్టెంబరు తర్వాత తిరగబడింది. ఇంగ్లీషు పెత్తనం పెరిగింది. 1956లో ఆంధ్రప్రదేశ్ వచ్చింది, 1966లో అధికార భాషా చట్టం తెలుగుకి చోటిచ్చింది. ఇప్పుడు నల్గొండ రైతుకి కాస్త ఊపిరాడింది. ఉర్దూలో చదువుకున్న పాతబస్తీ పెద్దమనిషి మాత్రం తన ఇంటి కాగితాలు తానే చదవగలిగినా కచేరీలో చదివించలేని స్థితికి వచ్చాడు. 2017లో తెలంగాణ ప్రభుత్వం ఉర్దూని రాష్ట్రమంతటా రెండో అధికార భాషగా చేసింది. ఈలోగా రెండు తరాలు గడిచిపోయాయి.

ఈ భాషల మధ్య బతికిన మనిషి అర్జీ రాసేవాడు. కోర్టు బయట, రిజిస్ట్రారు ఆఫీసు బయట చిన్న బల్ల వేసుకుని కూర్చునేవాడు. అతను చేసేది రాత పనే అనుకుంటాం కానీ అసలు పని తర్జుమా. మనిషి తన కష్టాన్ని తన మాటల్లో చెప్పుకుంటాడు, ఇతను దాన్ని సర్కారుకి అర్థమయ్యే మూసలో పోస్తాడు. ఆ పొయ్యడంలోనే పేర్లు జారిపోయాయి. నస్తాలీఖ్‌లో ఒకే రకంగా రాసే పేరు ఇంగ్లీషులోకి వచ్చేసరికి గుమాస్తా చెవినిబట్టి, ఆ రోజు అతని ఓపికనిబట్టి రకరకాలుగా పడింది. ఒక్క మొహమ్మద్ అనే పేరునే చూడండి. ఎండీ అని చుక్క పెట్టి ఒకటి, ఎంఓహెచ్‌డీ అని ఇంకొకటి, పూర్తిగా రాస్తే ఎం తర్వాత ఓ తోనో యూ తోనో సాగి ఈడీతోనో ఏడీతోనో ముగిసేవి మరికొన్ని. బడి రిజిస్టరులో ఒకటి, ఓటరు లిస్టులో ఒకటి, రేషన్ కార్డులో ఒకటి. కాగితాల రోజుల్లో ఇది పెద్ద ప్రమాదం కాలేదు. గుమాస్తా ముఖం చూసేవాడు, గొణిగేవాడు, చాయ్ డబ్బులు అడిగేవాడు, దిద్దేవాడు.

ఆ కాలపు సర్కారు ఎలా ఉండేదో ఊహించుకోవడానికి సర్దార్ మహల్ ఒక్కటి చాలు. చార్మినార్‌కి కూతవేటు దూరంలో, ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ 1900లో సర్దార్ బేగం కోసం యూరోపియన్ పద్ధతిలో కట్టించిన భవనం. ఆమెకి నచ్చలేదు, అందులో ఉండలేదు. ఆమె పేరు మాత్రం దానికి మిగిలిపోయింది. 1965లో పన్ను బకాయి కింద మునిసిపాలిటీ దాన్ని స్వాధీనం చేసుకుంది. ఆ తర్వాత దశాబ్దాల పాటు పాతబస్తీ మునిసిపల్ పనులకి అదే ఆఫీసు. బేగం కాలు పెట్టని మేడలోకి జనం బర్త్ సర్టిఫికెట్ల కోసం, ఇంటి పన్ను కోసం వరస కట్టారు.

ఈ-సేవ గెలిచిన కారణం

నాలుగో మార్పు 1990ల చివర వచ్చింది. మొదటి పెద్ద అడుగు రిజిస్ట్రేషన్ శాఖలో పడింది. అంతకుముందు ఇల్లు కొంటే దస్తావేజు మొత్తాన్ని గుమాస్తా పెద్ద పుస్తకంలోకి చేత్తో ఎక్కించేవాడు. ఈసీ కావాలంటే పదేళ్ళ పైబడిన ఇండెక్సు పుస్తకాలు తిరగెయ్యాలి. దీనికి రోజులు పట్టేవి, ఆ రోజుల్ని గంటలు చెయ్యడానికి లంచం పట్టేది. 1998 నవంబరులో కార్డ్ పేరుతో రాష్ట్రంలో రెండు వందలకు పైగా సబ్-రిజిస్ట్రార్ ఆఫీసుల్లో కంప్యూటర్లు పెట్టారు. రోజుల పని గంటల్లోకి వచ్చింది.

మరుసటి ఏడాది డిసెంబరులో బంజారాహిల్స్‌లో ట్విన్స్ పేరుతో ఒక ప్రయోగ కేంద్రం తెరిచారు. కరెంటు, నీళ్ళు, ఇంటి పన్ను, జనన మరణ పత్రాలు, ఒక్కో శాఖకి ఒక్కో క్యూ ఉన్న ఊళ్ళో అన్నిటికీ ఒకే కౌంటరు. 2001 ఆగస్టులో అదే ఈ-సేవ అయింది. కేంద్రాలు జంటనగరాలంతటా వచ్చాయి. ఏ కౌంటరులోనైనా ఏ బిల్లయినా కట్టొచ్చు. శాలిబండలో ఉండే మనిషి అబిడ్స్‌లో పని చేస్తుంటే అబిడ్స్‌లోనే నీళ్ళ బిల్లు కట్టి పోవచ్చు. ఉద్యోగాలకి పోయేవాళ్ళ కోసం పొద్దున్నే తెరిచి, రాత్రి పొద్దుపోయాక మూసేవాళ్ళు. ఆ రోజుల్లో దేశంలోని మిగతా రాష్ట్రాల అధికారులు దాన్ని చూడ్డానికే హైదరాబాద్ వచ్చారు.

ఈ-సేవ ఎందుకు గెలిచిందో గుర్తుపెట్టుకోవాలి. అది కంప్యూటరు గొప్పదనం ఒక్కటే కాదు. కౌంటరు అవతల ఒక మనిషి ఉన్నాడు. స్క్రీన్ మీద ఏదైనా తేడా వస్తే, “బాబూ, నా మీటర్ నంబర్ ఇది, పేరు తప్పు పడ్డది” అని చెప్పుకోవచ్చు. చేతికి రసీదు వచ్చేది. రసీదు ఉంటే తగువు పెట్టుకోవచ్చు. పైగా అక్కడ జరిగే పని ఏమిటో కూడా చూడాలి. డబ్బు కట్టడం, ఉన్న రికార్డు తీసుకోవడం. మనిషి అర్హుడా కాదా అన్న ఫైసలా ఆ కౌంటరులో జరిగేది కాదు.

ఫైసలా ఉన్న చోట కథ వేరేలా నడిచింది. 2004లో ఎకనమిక్ అండ్ పొలిటికల్ వీక్లీలో జొనథన్ కేస్లీ కార్డ్ మీద ఒక వ్యాసం రాశాడు. బయటికి కంప్యూటర్ల మెరుపు ఎంతున్నా, లోపల దస్తావేజు రాసేవాళ్ళ దళారీ పనీ లంచాలూ అలాగే ఉన్నాయన్నది దాని సారాంశం. కారణం అర్థం చేసుకోవడం కష్టమేం కాదు. కంప్యూటరు నకలు తీసే పనిని తొందర చేసింది. సంతకం పెట్టాలా వద్దా అని ఆలోచించే అధికారిని మాత్రం అలాగే ఉంచింది. దారిలో టోల్‌గేట్ ఎక్కడుందో దళారీకి తెలుసు, అక్కడికే జరిగి కూర్చున్నాడు.

2011 నవంబరులో చిత్తూరులో మొదలైన మీసేవ ఇంకో మెట్టు. ఈసారి సర్టిఫికెట్ మీద తహసీల్దారు డిజిటల్ సంతకం ఉంటుంది, గ్రీన్ ఇంక్ సంతకం కోసం గుమ్మం దగ్గర కాపలా కాయక్కర్లేదు. ఆదాయం, కులం, నివాసం సర్టిఫికెట్లన్నీ అందులోకి వచ్చాయి. పాతబస్తీ గల్లీల్లో మీసేవ బోర్డు పక్కనే నెట్ సెంటరు, దాని పక్కన జిరాక్స్ షాపు వెలిశాయి. ఛత్తా బజారులో ఒకప్పుడు చేత్తో అందంగా కితాబత్ రాసిన కాతిబుల పని ఉర్దూ సాఫ్ట్‌వేర్ వచ్చాక తగ్గిపోయింది. అర్జీ రాసేవాడి పని మాత్రం తగ్గలేదు. బల్ల పోయి మానిటర్ వచ్చిందంతే. ఓటీపీ వచ్చే ఫోను కొడుకు దగ్గర దుబాయ్‌లో ఉంటే ఏం చెయ్యాలో, ఫోటో ఎన్ని కేబీలు ఉండాలో, ఏ గడి ఖాళీగా వదిలేస్తే అప్లికేషన్ వెనక్కి వస్తుందో అతనికే తెలుసు. మనిషి మాటని యంత్రానికి అర్థమయ్యే మూసలో పోసే తర్జుమాదారు అతను.

పేర్లు కలిపి చూసే యంత్రం

2014 ఆగస్టు 19న తెలంగాణ అంతా ఒక్కరోజు ఆగిపోయింది. సమగ్ర కుటుంబ సర్వే. బస్సులు తిరగలేదు, దుకాణాలు తెరవలేదు. ముంబైలో, సూరత్‌లో ఉన్నవాళ్ళు కూడా ఊళ్ళకి వచ్చి ఇళ్ళల్లో కూర్చున్నారు. లక్షల మంది ఉద్యోగులు గడప గడపకీ తిరిగి లెక్క రాసుకున్నారు. కొత్త రాష్ట్రానికి తన జనం ఎవరో తెలుసుకోవాలనే ఆత్రం అందులో ఉంది. ఉన్న కుటుంబాల కన్నా రేషన్ కార్డులు ఎక్కువ ఉన్నాయి, బోగస్ కార్డులు ఏరెయ్యాలి అన్న పట్టుదలా ఉంది. ఆ వాదన గాలిలోంచి పుట్టింది కాదు. దొంగ కార్డుల మీద బియ్యం ఎత్తుకుపోవడం అందరూ ఎరిగిన సంగతే.

తర్వాతి ఏళ్ళలో సమగ్ర వేదిక వచ్చింది. దాదాపు ముప్పై ప్రభుత్వ శాఖల దగ్గరున్న సమాచారాన్ని ఒకచోట చేర్చి, ఒక మనిషి గురించి అన్ని శాఖలకీ తెలిసినదంతా ఒకే చోట చూపించే వ్యవస్థ ఇది. రవాణా శాఖ దగ్గర కార్ల లెక్క ఉంది, రిజిస్ట్రేషన్ శాఖ దగ్గర ఇళ్ళ లెక్క ఉంది, కరెంటు వాళ్ళ దగ్గర బిల్లుల లెక్క ఉంది. రేషన్ కార్డున్న మనిషికి కారు కూడా ఉంటే అతను పేదవాడు కాదు, కార్డు తీసెయ్యొచ్చు. చెప్పుకోవడానికి ఇంత తేలిక.

చెయ్యడంలో ఉంది చిక్కు. ఈ లెక్కలన్నిటిలోనూ మనిషికి ఒకే నంబరు లేదు. అందుకని యంత్రం పేరు, తండ్రి పేరు, అడ్రసు లాంటివి పోల్చి, ఈ రెండు రాతలూ ఒకే మనిషివై ఉండొచ్చు అని అంచనా కడుతుంది. అచ్చంగా అక్షరాలు కలిస్తేనే ఒప్పుకోమంటే, స్పెల్లింగు కాస్త మార్చిన దొంగ తప్పించుకుంటాడు. కొంచెం అటూ ఇటూ ఉన్నా ఒప్పుకోమంటే, ఇద్దరు వేర్వేరు మనుషులు ఒక్కరైపోతారు. ఆ పట్టు ఎంత వదులు చెయ్యాలన్నది ఎవరో ఒకరు కూర్చుని నిర్ణయించిందే. ఆ నిర్ణయం జనానికి కనిపించదు.

ఇప్పుడు చార్మినార్ చుట్టూ ఉన్న పేర్లని తలుచుకోండి. సయ్యద్, షేక్, మొహమ్మద్, అలీ, హుసేన్, ఖాన్. ఆడవాళ్ళకి బీ, బేగం, బాను, ఫాతిమా. ఇంటిపేరన్నది లేదు. పది పేర్లు అటూ ఇటూ కలిసి వేల మందికి పంచుకున్నట్టుంటాయి. ఇరవై, ఇరవై ఒకటి, ఇరవై రెండు అంటూ మొదలయ్యే ఇంటి నంబర్లు, అన్నదమ్ములు వాటా పంచుకున్నకొద్దీ బై వన్, బై ఏ, బై వన్ బై టూ అని తోకలు పెంచుకుంటాయి. వాటిని ఏ శాఖ ఎలా రాసుకుందో దేవుడికెరుక. నూట నలభై ఏళ్ళుగా ఫారసీ నుంచి ఉర్దూకి, ఉర్దూ నుంచి ఇంగ్లీషుకి, ఇంగ్లీషు నుంచి తెలుగుకి మారుతూ పేరుకున్న రాత తేడాలన్నీ ఈ యంత్రం నోట్లో పడ్డాయి. కాగితాల రోజుల్లో గొణుగుతూ దిద్దిన గుమాస్తా ఇప్పుడు లేడు. ఇంటిపేరు ముందా వెనకా అని పాస్‌పోర్టు ఆఫీసులో అవస్థ పడ్డ తెలుగువాళ్ళకి ఇది అర్థం కాని సంగతేం కాదు. తేడా ఒకటే. అక్కడ ఆలస్యమయ్యేది ప్రయాణం, ఇక్కడ ఆగిపోయేది బియ్యం.

కొన్ని కేసులు చదివితే నవ్వాలో ఏడవాలో తెలీదు. రిక్షా తొక్కి బతికిన మనిషి కుటుంబానికి కారుందని కార్డు పోయింది. అదే తరహా పేరున్న వేరే ఎవరిదో ఆ కారు. 2024 జనవరిలో అల్ జజీరా ఈ వ్యవహారం మీద పెద్ద పరిశోధన కథనం ప్రచురించింది. 2014 నుంచి 2019 దాకా రాష్ట్రంలో 18 లక్షలకు పైగా కార్డులు రద్దయ్యాయని అందులో ఉంది. చాలామందికి ముందు నోటీసు లేదు. నెల మొదట్లో రేషన్ షాపుకి పోతే డీలర్ మెషిన్ చూసి, “అమ్మా, నీ కార్డు క్యాన్సిల్ అని వస్తున్నది” అన్నప్పుడే తెలిసింది. ఎందుకని అడిగితే డీలర్‌కి తెలీదు. తహసీల్ ఆఫీసులో అడిగితే పైనుంచి వచ్చిందంటారు. పైన ఎవరున్నారు? సిస్టమ్.

రుజువు భారం

ఎస్.క్యూ. మసూద్ అనే హైదరాబాద్ సామాజిక కార్యకర్త ఈ రద్దుల మీద సుప్రీం కోర్టు దాకా వెళ్ళారు. 2022 ఏప్రిల్‌లో కోర్టు రద్దయిన సుమారు 19 లక్షల కార్డులనీ క్షేత్రస్థాయిలో మళ్ళీ పరిశీలించమంది. అంటే యంత్రం తేల్చిన లెక్కని మనిషి గడప తొక్కి సరిచూడాలి. ఆ పరిశీలనకి దాదాపు 4.9 లక్షల అర్జీలు వచ్చాయి. 2022 జులై నాటికి వాటిలో 2 లక్షల పైచిలుకు చూస్తే, 15 వేలకు పైగా కుటుంబాలు అర్హులేనని తేలింది. నూటికి ఏడెనిమిది.

నూటికి ఏడెనిమిది అంటే ఏ సాఫ్ట్‌వేర్ పరీక్షలోనైనా చెడ్డ మార్కేం కాదు. కానీ లెక్క ఇంకో రకంగా చెప్పుకోవాలి. 15 వేల ఇళ్ళలో ఏళ్ళ తరబడి సబ్సిడీ బియ్యం లేదు. అదీ మళ్ళీ అర్జీ పెట్టుకునే ఓపికా తెలివిడీ ఉన్నవాళ్ళ సంగతి. పెట్టుకోని 14 లక్షల చిల్లర కార్డుల వెనక ఎంతమంది దొంగలో, ఎంతమంది అలిసిపోయినవాళ్ళో ఈ లెక్క చెప్పదు.

ఇక్కడ జరిగిన అసలు మార్పు వేగం గురించినది కాదనిపిస్తుంది. పాత పద్ధతిలో నీ కార్డు తీసెయ్యాలంటే, నువ్వు అనర్హుడివని సర్కారు చూపించాలి. ఒక ఇన్‌స్పెక్టరు వచ్చి చూసి రాయాలి. కొత్త పద్ధతిలో కార్డు ముందు పోతుంది. నాకు కారు లేదు అని తర్వాత నువ్వు రుజువు చేసుకోవాలి. లేని కారు లేదని చూపించే కాగితం ఏ ఆఫీసులో ఇస్తారు? రుజువు భారం చప్పుడు లేకుండా ఇటునుంచి అటు జరిగింది. ఏ శాసనసభలోనూ దాని మీద చర్చ జరగలేదు. ఒక ప్రోగ్రామ్‌లో ఒక గీత అటు జరిపితే సరిపోయింది.

ఇదేదో మన వెనకబాటుతనం అనుకోనక్కర్లేదు. ఆస్ట్రేలియాలో రోబోడెట్ అని పేరుపడ్డ పథకం మనిషి ఏడాది ఆదాయాన్ని పదిహేను రోజుల ముక్కలుగా సమానంగా కోసి, నువ్వు ప్రభుత్వానికి బాకీ అని లక్షలమందికి నోటీసులు పంపింది. అది చట్టవిరుద్ధమని తేలింది. 2023లో రాయల్ కమిషన్ నివేదిక దాన్ని తూర్పారబట్టింది. నెదర్లాండ్స్‌లో పిల్లల సంరక్షణ భత్యంలో మోసం చేశారని వేలాది కుటుంబాల మీద తప్పుడు ముద్ర పడింది. వాళ్ళలో చాలామంది బయటి దేశాల మూలాలున్నవాళ్ళు. 2021 జనవరిలో ఆ దేశ ప్రభుత్వం ఈ కారణంగానే రాజీనామా చేసింది. మూడు దేశాల్లోనూ తప్పు ఒకే చోట ఉంది. అంచనా కట్టే యంత్రాన్ని ఫైసలా చేసే కుర్చీలో కూర్చోబెట్టారు. దెబ్బ కూడా మూడు చోట్లా ఒకే వరస మనుషుల మీద పడింది: తమ తరఫున వాదించుకోవడానికి తీరికా డబ్బూ లేనివాళ్ళు.

తప్పు ఎటైనా పోతుంది

యంత్రం ఎప్పుడూ కఠినంగానే ఉంటుందని కాదు. 2023లో జీహెచ్‌ఎంసీలో దీనికి పూర్తిగా వ్యతిరేక దిశలో ఒక గొడవ బయటపడింది. జనన మరణ పత్రాలు తొందరగా ఇవ్వాలని, మీసేవలో అప్లై చెయ్యగానే ఆమోదం వచ్చేసే ఏర్పాటు చేశారు. జత చేసిన కాగితాలు ఎవరూ చూడకపోవడంతో సరైన ఆధారాలు లేకుండానే వేల సంఖ్యలో సర్టిఫికెట్లు జారీ అయ్యాయి. తెలిశాక వాటిని మూకుమ్మడిగా రద్దు చేశారు. అక్కడ మనిషి లేకపోవడం వల్ల అనర్హుడి పని జరిగింది, ఇక్కడ మనిషి లేకపోవడం వల్ల అర్హుడి పని ఆగింది. పాతబస్తీలో బర్త్ సర్టిఫికెట్ ఉత్త కాగితం కాదు. పౌరసత్వ చట్టం మీద గొడవలు చెలరేగిన 2019-20 చలికాలంలో జనం ఆ కాగితం కోసమే ఆఫీసుల చుట్టూ తిరిగారు. అలాంటి కాగితం విలువ తగ్గితే, నిజంగా ఇక్కడ పుట్టినవాడి కాగితాన్ని కూడా అనుమానంగా చూస్తారు.

ఇంకో సంగతి కూడా చెప్పుకోవాలి. ఈ-సేవ పుట్టిన ఊళ్ళో, సమగ్ర వేదిక నడిచిన రాష్ట్రంలో, 2023 డిసెంబరు 28 నుంచి పది రోజులు కొత్త ప్రభుత్వం ప్రజాపాలన పేరుతో జనం దగ్గర దరఖాస్తులు తీసుకుంది. కాగితం మీద, పెన్నుతో. కోటీ పాతిక లక్షల దరఖాస్తులు వచ్చాయి. వార్డు ఆఫీసుల ముందు క్యూలు, ఫారం నింపిపెట్టేవాళ్ళు, జిరాక్స్ షాపుల ముందు రద్దీ. తర్వాత ఆ కాగితాలన్నిటినీ ఆపరేటర్లు కూర్చుని కంప్యూటర్లలోకి కొట్టారు. ఇంత డిజిటల్ చేశాక మళ్ళీ ఇదేం గొడవ అని చాలామంది విసుక్కున్నారు. ఆ విసుగులో న్యాయం ఉంది. కానీ ఆ క్యూల్లో నిలబడినవాళ్ళ వైపు నుంచి చూస్తే, సర్కారు తమ గురించి ఎక్కడెక్కడినుంచో ఏరుకున్నది కాకుండా, తమకేం కావాలో తామే చెప్పుకోవడానికి చాలా ఏళ్ళకి దొరికిన అవకాశం అది.

ఇప్పుడు ఇంకో మలుపులో ఉన్నాం. 2025 జనవరిలో ఆంధ్రప్రదేశ్ మన మిత్ర పేరుతో వాట్సాప్‌లోనే సేవలు మొదలుపెట్టింది. తెలంగాణలో మీసేవ కూడా వాట్సాప్‌లోకి వచ్చింది. కౌంటరు జేబులోకి వచ్చేసింది. సర్టిఫికెట్ కోసం రోజు కూలీ పోగొట్టుకునే మనిషికి ఇది చిన్న మేలు కాదు, దీన్ని వెక్కిరించే హక్కు సెలవు జీతం దొరికే మనలాంటివాళ్ళకి లేదు. అడగాల్సినవి మూడే. తీసేసే ముందు చెప్పండి. ఎందుకు తీసేస్తున్నారో నాకర్థమయ్యే భాషలో రాసివ్వండి. తప్పయితే దిద్దే అధికారం ఉన్న మనిషిని నేను నడిచి పోగలిగినంత దూరంలో కూర్చోబెట్టండి. ఈ మూడింటికీ కొత్త టెక్నాలజీ ఏదీ అక్కర్లేదు. రద్దు మెసేజ్ పంపే సర్వరే నోటీసు కూడా పంపగలదు.

సోమవారం పొద్దున కలెక్టరేట్‌లో ప్రజావాణికి పోయి చూడండి. పోర్టల్‌లో తిరస్కరించిన అప్లికేషన్ ప్రింటౌట్ పట్టుకుని, దాని మీద చేత్తో రాసిన అర్జీ గుచ్చి, జనం వరసలో నిలబడి ఉంటారు. సాలార్ జంగ్ కాలంలో కాగితాన్ని రెండు ఇళ్ళ తాళాల్లోంచి బయటికి తెచ్చి ఆఫీసులో పెట్టడానికి ఒక తరం పట్టింది. ఇప్పుడు మన గురించిన ఫైసలాలు మళ్ళీ తాళం వేసిన గదిలోకి వెళ్ళాయి. ఆ గది ఎవరి ఇల్లో కూడా ఈసారి తెలియదు. ఫారసీ దారిలో వచ్చిన మాటల్లో మనం వాడుతూ వాడుతూ అసలు అర్థం మర్చిపోయినది ఒకటుంది: జవాబుదారీ. జవాబు ఇవ్వాల్సినవాడు అని. ఆ మాటకి పోర్టల్‌లో ఇంకా గడి పెట్టలేదు.